ఆ అరగంట కోసమైనా కొనొచ్చు: షేకూ కానే-మేసన్ తొలి రెండు సీడీలు

ముందే చెప్పేస్తాను, నేను ఫిడేలు టీచర్ని. కర్ణాటక సంగీతం. విశాఖలో ఇంటి దగ్గరే పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాను. పాశ్చాత్య సంగీతంలో నాకు డిగ్రీలేమీ లేవు. స్టాఫ్ నొటేషన్ ఇప్పటికీ వేలు ఆనించుకుంటూ చదువుతాను. అంచేత "ఇక్కడ వేగం ఇంత ఉండాలి, అంత ఉంది" అనే తీర్పులు నా దగ్గర దొరకవు. కమాను పట్టుకున్న చెయ్యి ఏం చేస్తోందో, తీగ మీద వేలు ఎంత గట్టిగా పడిందో మాత్రం నాకు వినపడుతుంది. ఈ రివ్యూ అంతా ఆ చెవితోనే.

షేకూ ఇంగ్లండు కుర్రాడు, చెల్లో (ఫిడేలు జాతిదే, ఇంకా పెద్ద వాయిద్యం) వాయిస్తాడు. సీడీలు రెండు. "ఇన్‌స్పిరేషన్" 2018 జనవరిలో వచ్చింది, "ఎల్గర్" (ఇంగ్లీషు సంగీత రచయిత పేరే పెట్టారు) 2020 జనవరిలో. రెండూ డెక్కా కంపెనీవే. బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా అన్నయ్య కొడుకు సెలవులకి వస్తూ తెచ్చాడు. "ఈ రోజుల్లో సీడీలు ఎవరు కొంటారత్తా, ఫోన్లో అన్నీ ఉంటాయి కదా" అని సణుక్కుంటూనే తెచ్చాడు. ఫోన్లో ఉన్న మాట నిజమే. కానీ చెల్లోని ఫోన్ స్పీకర్లో వినడం దండగ. దాని అడుగు తీగ సెకనుకి దాదాపు 65 సార్లు కంపిస్తుంది. అంత కింద స్వరాన్ని ఆ చిన్న స్పీకరు పలకనే పలకదు, పైన తేలే అనుస్వరాలే మనకి చేరతాయి. ఈ రెండు సీడీల్లోనూ అసలు కథ ఆ అడుగు తీగ మీదే నడుస్తుంది. పాతదైనా సరే పెద్ద స్పీకర్లున్న ప్లేయర్ కానీ, చెవులు మూసే హెడ్‌ఫోన్స్ కానీ పెట్టుకోండి.

చెల్లో పేరు తెలియకపోయినా దాని గొంతు మనవాళ్లు చాలామందే విన్నారు. ఇళయరాజా గారి పాటల్లో చరణానికి ముందు బరువుగా, మంద్రంలో కదిలే తీగల గుంపు ఉంటుందే, అందులో ఇది ఉంటుంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టి, కింద ఇనప ముల్లు నేలకి ఆనించి వాయిస్తారు. తీగలు నాలుగు. ఫిడేలు కంటే స్థాయిన్నర పైచిలుకు కింద పలుకుతుంది. మనం ఫిడేలు మీద బొటనవేలుని కాడకి ఆసరాగా పెట్టి వదిలేస్తాం. చెల్లోలో తార స్థాయికి వెళ్లేసరికి ఆ బొటనవేలే పైకొచ్చి తీగల మీద అడ్డంగా పడుకుంటుంది, మిగతా వేళ్లు దాన్ని ఆధారం చేసుకుని నడుస్తాయి. ఆ నొప్పేంటో తెలియాలంటే ఓసారి ఫిడేలు తీగ మీద బొటనవేలు పక్కభాగం పెట్టి గట్టిగా నొక్కి చూడండి.

ఇక కుర్రాడి సంగతి. 1999లో పుట్టాడు, ఊరు ఇంగ్లండులో నాటింగ్‌హామ్. తండ్రి వైపు మూలాలు కరీబియన్ దీవుల్లోని ఆంటిగ్వా, తల్లిది పశ్చిమాఫ్రికాలో సియెర్రా లియోన్. ఏడుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు, ఏడుగురిదీ సంగీతమే. అక్క ఇసాటా పియానో, అన్న బ్రైమా వయొలిన్. ఇతను కూడా ముందు కొన్నాళ్లు వయొలిన్ పట్టుకుని, దాన్ని పక్కన పెట్టి ఆరేళ్ల వయసులో చెల్లోకి మారాడు. (ఈ ముక్క మా పిల్లలకి చెప్పను.) తొమ్మిదేళ్లకే చెల్లోలో ఎనిమిదో గ్రేడ్ (అన్నిటికంటే పై గ్రేడ్) పరీక్ష దేశంలోకెల్లా ఎక్కువ మార్కులతో పాసై, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ జూనియర్ విభాగానికి స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు.

ఆ జూనియర్ విభాగం శనివారాలు నడుస్తుంది. నాటింగ్‌హామ్ నుంచి లండన్ రెండొందల కిలోమీటర్లు. మనకి విశాఖ నుంచి రాజమండ్రి అనుకోండి. వారమంతా మామూలు గవర్నమెంటు ఖర్చుతో నడిచే బడి, శనివారం తెల్లారగట్లే అక్కాతమ్ముళ్లతో రైలు. పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న "వీడిలో టాలెంట్ ఉందా టీచర్‌గారూ?" అని. వారానికోసారి రాజమండ్రి తీసుకెళ్లి తీసుకురాగలరా అని తిరిగి అడిగితే ఎవరూ నవ్వరు. ఒక్కో బిడ్డకి ఒక్కో వాయిద్యం, ఒక్కో గురువు, రైలు టిక్కెట్లు, ఎదిగేకొద్దీ సైజు మార్చాల్సిన చెల్లోలు (అవును, ఫిడేలుకి లాగే దానికీ పావు, అర, ముప్పావు సైజులుంటాయి). ఆ ఇంటి ఖర్చు లెక్క ఊహించుకుంటేనే నాకు గుండె దడ. తరవాత ఇతను చదివిన ట్రినిటీ క్యాథలిక్ స్కూల్‌లో డబ్బుల్లేక చెల్లో పాఠాలు ఆగిపోయే పరిస్థితి వస్తే, 3,000 పౌండ్లు ఇచ్చి పదిమంది పిల్లల పాఠాలు ఆగకుండా చూశాడు. ఆ ఖర్చు తెలిసినవాడు కాబట్టే ఇచ్చాడనుకుంటాను.

2015లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి అక్కడి టీవీ టాలెంట్ షోలో సెమీఫైనల్ దాకా వెళ్లారు. మర్నాటి ఏడు అసలు పోటీ: బీబీసీ యంగ్ మ్యూజీషియన్. 2016 మే నెలలో లండన్ బార్బికన్ హాల్లో ఫైనల్. పదిహేడేళ్లవాడు రష్యన్ సంగీత రచయిత షస్తకోవిచ్ రాసిన మొదటి చెల్లో కాన్చెర్టో (ఒక్క వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిచే పెద్ద రచన) వాయించి గెలిచాడు. 1978లో మొదలైన ఆ పోటీలో గెలిచిన తొలి నల్లజాతి కళాకారుడు ఇతనే. ఫైనల్లో మిగతా ఇద్దరు: సాక్సోఫోన్ వాయించే జెస్ గిలమ్, హార్న్ వాయించే బెన్ గోల్డ్‌షైడర్. ఇక్కడో తమాషా ఉంది. షస్తకోవిచ్ ఈ కాన్చెర్టో కోసం ఆర్కెస్ట్రాలోంచి ట్రంపెట్లనీ ట్రాంబోన్లనీ తీసిపారేసి, ఇత్తడి వాయిద్యాల్లో ఒకే ఒక్క హార్న్‌ని ఉంచాడు. చెల్లోకి ఎదురు జవాబు చెప్పేది అదే. అదే రోజు, అదే ఫైనల్లో హార్న్‌తోనే పోటీ పడ్డాడన్నమాట. ముగ్గురూ ఇప్పుడు పేరున్న కళాకారులే. ఆ ఏడు జడ్జీల పని కష్టమైపోయుంటుంది.

ఆ నవంబరుకే డెక్కాతో ఒప్పందం. నాకు భయం వేసేది సరిగ్గా ఇక్కడే. పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్ గుర్తొస్తాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్లు. పరాయి వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీసిన పిల్లాడని దేశమంతా ఎగబడింది. పద్నాలుగేళ్లకి బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. నలభై అయిదేళ్లకి వెళ్లిపోయాడు. ఆయన సంగీతం గురించి నేను మాట్లాడే దాన్ని కాదు. చిన్న వయసులో పేరొచ్చిన పిల్లల చుట్టూ పెద్దవాళ్లు చేరితే ఆ పిల్లలు నేర్చుకునే టైము ఏమవుతుందన్నదే నా బెంగ. షేకూ విషయంలో ఇంట్లోవాళ్లు ఒక తెలివైన పని చేశారు. ఒప్పందమయ్యాక కూడా బడి మాన్పించలేదు. బడి అయ్యాక రాయల్ అకాడమీలోనే ఫుల్‌టైమ్ డిగ్రీలో చేరాడు, హన్నా రాబర్ట్స్ దగ్గర శిష్యరికం. అంటే ఈ రెండు సీడీలూ ఒక స్టూడెంటు చేసినవి. వినేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకుంటే మంచిది, మెచ్చుకోడానికీ విసుక్కోడానికీ కూడా.

"ఇన్‌స్పిరేషన్" సీడీ పెళ్లి విస్తరిలా ఉంటుంది. ఉప్పూ కారం ఉన్న అసలు వంటకం ఒకటే, దాని చుట్టూ బోలెడు తీపి. ఆ అసలు వంటకం షస్తకోవిచ్ కాన్చెర్టో, దాదాపు అరగంట. బర్మింగ్‌హామ్ సింఫనీ ఆర్కెస్ట్రా, నడిపించింది లిథువేనియా ఆవిడ మీర్గా గ్రజినీటే-తీలా. మిగతావన్నీ చిన్న రచనలు: సాన్-సాన్స్ "హంస", ఓఫెన్‌బాక్ "జాక్లిన్ కన్నీళ్లు", స్పెయిన్ చెల్లో విద్వాంసుడు కసాల్స్ రచనలు రెండు, ఒక హీబ్రూ ప్రేమగీతం, జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లీ పాట, కెనడా గాయకుడు లియొనార్డ్ కోయెన్ పాట.

కాన్చెర్టో 1959 నాటిది. రష్యన్ చెల్లో విద్వాంసుడు రస్ట్రపోవిచ్ కోసం షస్తకోవిచ్ రాశాడు. ఆయన నాలుగు రోజుల్లో కంఠస్థం చేసి రచయిత ముందు వాయించాడని చెప్తారు. ఆ అక్టోబరులో లెనిన్‌గ్రాడ్‌లో మొదటి ప్రదర్శన. ఈ రచనలో ఆర్కెస్ట్రా ముందు మొదలెట్టి చెల్లోకి దారి ఇవ్వదు. మొదటి క్షణమే చెల్లో నాలుగు స్వరాల ముక్క ఒకటి విసురుతుంది. ఇక వదలదు. ఆ నాలుగు స్వరాలే కిందా మీదా, గట్టిగా, వెటకారంగా, తిరగేసి మరగేసి, భాగమంతా వెంటాడతాయి. నా దగ్గర నేర్చుకునే తొమ్మిదో తరగతి పిల్ల పక్క గదిలో సరళీ స్వరాలు ఆపేసి వచ్చి అడిగింది: "ఇంత కోపమేటి మేడమ్ ఈయనకి?" 1936లో ఒకసారీ 1948లో మరోసారీ ప్రభుత్వం ఆయన సంగీతాన్ని బహిరంగంగా దుమ్మెత్తిపోసిందనీ, పోలీసులు ఎప్పుడొస్తారోనన్న భయంతో బతికాడనీ చెప్పాను. చివరి భాగంలో స్టాలిన్‌కి బాగా ఇష్టమైన ఒక జార్జియన్ పాట ముక్కని ఎవరూ పోల్చుకోలేనట్టు వంకర తిప్పి దాచాడనీ, రస్ట్రపోవిచ్ కూడా రచయిత చెప్పేదాకా పట్టుకోలేకపోయాడనీ చెప్తే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. ఆ ముక్క ఎక్కడుందో వెతకడానికి నాలుగో భాగం మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. పాఠం ఆరోజు అంతే.

షేకూ కమాను ఇక్కడ గమనించండి. మొదటి భాగంలో స్వరం మొదలయ్యే చోట ప్రతిసారీ ఒక చిన్న కొరుకుడు వినిపిస్తుంది. కమాను వెంట్రుకలు తీగని పట్టుకుని వదిలే క్షణం అది. మనం ఫిడేలు మీద ఆ చప్పుడు రానివ్వకూడదని పిల్లల ప్రాణాలు తీస్తాం. ఇతను కావాలనే రానిస్తాడు. స్టూడియోలో తుడిచి నున్నగా చేయించుకోవచ్చు. చేయించుకోకపోవడం నాకు నచ్చింది. హార్న్ వచ్చినప్పుడు మాత్రం ఇతని చెల్లో కాస్త వెనక్కి తగ్గుతుంది. అనుభవమున్నవాళ్లు అక్కడ హార్న్‌తో ఢీకొంటారు, ఇతను విని జవాబిస్తాడు. అది మర్యాదో వయసో తెలీదు కానీ వినడానికి బాగుంది.

రెండో భాగం నెమ్మది. చివరికొచ్చేసరికి ఒక జాగా ఉంది: వేలుని తీగ మీద నొక్కకుండా, ఊరికే తాకించి వాయిస్తారు. అప్పుడు స్వరం లోపల మాంసం పోయి, ఈల లాంటి పలచటి నాదం మిగులుతుంది. పక్కన సెలెస్టా అనే, చిన్న గంటల్లా మోగే మెట్ల వాయిద్యం దానికి జవాబు చెప్తుంది. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా స్వరం పలకదు, కీచుమంటుంది. తెలిసినవాళ్లకి కాళ్లు వణికే చోటు. ఇతను అక్కడ వేలి కంపనం పూర్తిగా ఆపేసి, కమాను బరువు తీసేసి, ఏ తొందరా లేకుండా నడుస్తాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకి వేగం వస్తుంది, శక్తి వస్తుంది. ఇలా ఏమీ చేయకుండా ఉండటమే రాదు.

మూడో భాగం మొత్తం చెల్లో ఒక్కటే. ఆర్కెస్ట్రా అంతా కూర్చుని చూస్తుంటుంది. పాశ్చాత్యులు కడెంజా అంటారు. మామూలు కాన్చెర్టోల్లో అది ఒకటి రెండు నిమిషాల విద్యా ప్రదర్శన. షస్తకోవిచ్ దాన్నే ఒక భాగం చేసేశాడు. మృదంగం లేకుండా రాగాలాపన మొదలుపెట్టి తానంలోకి వెళ్లడం తెలిసిన చెవికి ఇది కొత్తగా అనిపించదు. ముందు వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్టు నాలుగైదు స్వరాలు, మధ్యలో వేలితో మీటిన తీగల గుచ్ఛాలు, వాటి మధ్య మౌనం. ఆ మౌనాల నిడివి వాయించేవాడి ఇష్టం. షేకూ వాటిని నేను ఊహించినదానికంటే పొడుగ్గా ఉంచుతాడు. తరవాత మెల్లిగా వేగం పెరిగి, పెరిగి, ఆగకుండానే నాలుగో భాగంలో పడిపోతుంది. అక్కడ మొదటి నాలుగు స్వరాలు తిరిగొస్తాయి, చివర్లో పెద్ద డోళ్ల దెబ్బలు. ఈ కంపెనీ ఇంకేమీ ఇవ్వకపోయినా ఈ కడెంజా ఒక్కదానికి నా డబ్బులు గిట్టుబాటయ్యాయి.

తీపి సంగతి కొంచెం తొందరగానే చెప్తాను. "హంస" బాగానే ఉంది. ఎవరు వాయించినా బాగానే ఉంటుంది, అదే దాంతో చిక్కు. సాన్-సాన్స్ జంతువుల మీద సరదాగా రాసుకున్న మాలికలో తను బతికుండగా అచ్చుకి ఇచ్చినది ఇదొక్కటే, అంటే ఆయనకీ దీని గిరాకీ తెలుసు. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు ఉంటుంది చూడండి, మన జారు గమకానికి దూరపు చుట్టం. షేకూ దాన్ని చాలా పొదుపుగా వాడతాడు. ఓఫెన్‌బాక్ ముక్కలో ఆ పొదుపు లేదు, కన్నీళ్లు కన్నీళ్లలాగే కారతాయి. (ఆ జాక్లిన్‌కీ ప్రఖ్యాత చెల్లో కళాకారిణి జాక్లిన్ డు ప్రేకీ సంబంధం లేదు. ఓఫెన్‌బాక్ 1880లోనే పోయాడు.) కసాల్స్ రాసిన "సర్దానా"లో చెల్లోల గుంపు కలిసి వాయిస్తుంది, హుషారుగా ఉంటుంది. ఆయనదే "పక్షుల పాట" కాటలోనియా జానపద వరస. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం వచ్చాక కసాల్స్ దేశం వదిలేసి, పరాయి దేశాల కచేరీల్లో దీన్ని వాయించేవాడు. అది తెలియకుండా విన్నా గొంతు పట్టేస్తుంది.

మార్లీ పాట నన్ను ఆశ్చర్యపరిచింది. రికార్డు కంపెనీ గొడవ పెడితే చేసినదేమో అనుకుంటూ పెట్టాను. చెల్లో ఒక్కటే, కమాను పక్కన పడేసి వేళ్లతో మీటుతూ మొదలవుతుంది. కరీబియన్ మూలాలున్న ఇంట్లో పెరిగిన పాట అని వినగానే తెలుస్తుంది, లయ ఎక్కడా బిగుసుకోలేదు. కోయెన్ "హాలెలూయా" మాత్రం నాకు పడలేదు. ప్రపంచంలో ప్రతి పెళ్లిలో, ప్రతి టాలెంట్ షోలో అరగదీసిన పాట అది. ఇంత చెయ్యి ఉన్నవాడి చేత అది వాయించడం వృథా.

రెండో సీడీకి వచ్చే ముందు మధ్యలో ఒక పెళ్లి ఉంది. 2018 మే 19న విండ్సర్‌లో ప్రిన్స్ హ్యారీ, మేఘన్‌ల పెళ్లి. వాళ్లు రిజిస్టరులో సంతకాలు పెడుతున్నంతసేపూ ఈ పందొమ్మిదేళ్లవాడు చెల్లో వాయించాడు. ప్రపంచమంతా టీవీలో చూసింది. మా అన్నయ్య కొడుకు కూడా ఇతన్ని అక్కడే మొదట చూశాడట. ఆ మూడు ముక్కల గురించి చెప్పేందుకు పెద్దగా లేదు, అందంగా వాయించాడు, అంతే. దాని ఫలితం మాత్రం పెద్దది. ఆ తరవాత ఏ ఆర్కెస్ట్రా అయినా ఇతన్ని పిలుస్తుంది, ఏ రచన అయినా ఇస్తుంది. ఇచ్చారు కూడా.

"ఎల్గర్" సీడీలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, నడిపించింది సర్ సైమన్ రాటిల్, రికార్డు చేసింది అబ్బీ రోడ్ స్టూడియోలో. ఆ స్టూడియోని 1931లో ప్రారంభించినవాడు ఎల్గరే, అదే ఆర్కెస్ట్రాని నడిపిస్తూ. అక్కడితో ఆగదు. ఈ సీడీలో అసలు రచన, ఎల్గర్ చెల్లో కాన్చెర్టోని 1919 అక్టోబరులో మొదటిసారి వాయించినదీ ఇదే ఆర్కెస్ట్రా. ఆ రోజు రిహార్సలు టైమంతా ఇంకో కండక్టరు మింగేయడంతో ప్రదర్శన అభాసుపాలైంది. ఆ రోజు చెల్లో వరసలో కూర్చున్న కుర్రాడు జాన్ బార్బిరోలి. 1965లో అదే బార్బిరోలి, అదే ఆర్కెస్ట్రాతో, ఇరవై ఏళ్ల జాక్లిన్ డు ప్రే చేత దీన్ని రికార్డు చేయించాడు. ఆ రికార్డుతోనే ఈ రచన ప్రపంచమంతా తెలిసింది. ఆమెకి ఇరవై ఎనిమిదేళ్లకే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలి వాయించడం ఆగిపోయింది. షేకూకి చిన్నప్పటి నుంచీ ఆ రికార్డు ప్రాణమని తనే చాలాసార్లు చెప్పాడు. అంత ఇష్టమైన రికార్డు నెత్తి మీద ఉండగా, సరిగ్గా అదే ఇరవై ఏళ్ల వయసులో, అదే ఆర్కెస్ట్రాతో కూర్చోవడం ధైర్యమనే అనాలి.

ఇంకో సంగతి, నాకు మాత్రమే ఆనందం కలిగించేది: 1919 అంటే విజయనగరంలో మా సంగీత కళాశాల పెట్టిన ఏడు. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ప్రొఫెసరు. అక్కడ ఎల్గర్ యుద్ధంలో పోయినవాళ్ల కోసం దుఃఖంతో మంద్రస్థాయి తీగల కోసం రాస్తుంటే, ఇక్కడ నాయుడుగారు అదే కుటుంబం వాయిద్యంతో పిల్లలకి వర్ణాలు మొదలుపెడుతున్నారు. నేను అక్కడ చదువుకున్నదాన్ని, అంచేత ఈ తేదీని వదిలిపెట్టలేకపోయాను.

ఈ కాన్చెర్టో మొదట్లోనే చెల్లో ఒంటరిగా బరువైన తీగల గుచ్ఛాలు పలుకుతుంది. డు ప్రే వాటిని చీల్చినట్టు వాయించింది. షేకూ చీల్చడు. తలుపు దగ్గరే నిలబడి మాట మొదలుపెట్టేవాడిలా వస్తాడు. మొదటి భాగంలో నాకు కొంచెం నిరాశే. రాటిల్ ఆర్కెస్ట్రాని ఎంతగా తగ్గించి పట్టాడంటే, కుర్రాడు గొంతెత్తాల్సిన అవసరమే రాలేదు. షస్తకోవిచ్‌లో విన్న ఆ కొరుకుడు ఇక్కడ లేదు. ఈసారి చేతిలో 1610 ప్రాంతంలో ఇటలీలో అమాటి కుటుంబం చేసిన చెల్లో, దాని గొంతు తేనె. ఆ తేనే కొంచెం అడ్డం వచ్చిందేమో. రెండో భాగం చురుకైనది, కమాను గెంతుతూ పోతుంది, హాయిగా నవ్వించేలా వాయించాడు. మూడోది, ఆ చిన్న అడాజియో (నెమ్మదిగా నడిచే భాగం), ఈ సీడీకి ప్రాణం. అయిదు నిమిషాల లోపే ఉంటుంది. ఒక వాక్యం పూర్తవుతుందనుకున్న చోట పూర్తి కాకుండా ఇంకో మెట్టెక్కుతుంది, అక్కడ ఊపిరి తీసుకుని మళ్లీ దిగుతుంది. ఆ ఊపిరి తీసుకునే చోట షేకూ కమాను తిప్పిన చప్పుడు కూడా వినపడదు. కమాను మలుపు దాచడం నేర్పాలని నేను పిల్లలతో నెలల తరబడి తంటాలు పడతాను. వాళ్లకి ఇప్పుడు ఈ ట్రాకే వినిపిస్తున్నాను.

మిగతా సీడీలో చిన్నవి ఉన్నాయి కానీ ఈసారి తీపి కాదు, ఒకే రంగులో ఏరినవి. ఒక్క చెల్లో మీద పాత ఇంగ్లీషు జానపదం ఒకటి, బ్రెజిల్ గిటారిస్టు ప్లీనియో ఫెర్నాండెస్‌తో ఇంకో జానపదం, ఎర్నెస్ట్ బ్లాక్ అనే రచయిత "ప్రార్థన", ఫోరే ఎలిజీ (శోకగీతం), క్లెంగెల్ పన్నెండు చెల్లోల కోసం రాసిన "హిమ్నుస్". ఈ ఆఖరిది మీలో ఎవరూ ఇంతకుముందు విని ఉండకపోవచ్చు. పన్నెండు చెల్లోలు ఒకేసారి మంద్రంలో నిలబడితే గది కిటికీ అద్దం సన్నగా అదురుతుంది, మా ఇంట్లో నిజంగానే అదిరింది. ఈ సీడీ విడుదలైన వారంలో ఇంగ్లండు మామూలు ఆల్బమ్ చార్టులో, అంటే పాప్ గాయకులందరి మధ్య, ఎనిమిదో స్థానానికి వెళ్లింది. టాప్ టెన్‌లోకి చేరిన తొలి చెల్లో కళాకారుడు ఇతనే. అదే ఏడు రాణిగారి ఎంబీఈ బిరుదు. అప్పటికింకా ఇరవై ఏళ్లే.

రెండింటిలో ఏది కొనాలని అడిగితే, సీడీగా నిండుగా ఉన్నది "ఎల్గర్". ఒక చివర నుంచి ఇంకో చివరకి ఆపకుండా వినొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు పెట్టొచ్చు, ఎవరూ మొహం చిట్లించరు. అయినా నేను మళ్లీ మళ్లీ పెట్టేది "ఇన్‌స్పిరేషన్". ట్రాకుల వరస ఎవరో మార్కెటింగు వాళ్లు కూర్చుని వేసినట్టుంది. ఒకచోట హీబ్రూ గీతం, ఇంకోచోట రెగ్గే, మరోచోట ఇంకేదో. కుర్రాడిని ఎటు అమ్మాలో కంపెనీకి ఇంకా తేలలేదని తెలిసిపోతుంది. కానీ కుర్రాడికి తేలింది. ఆ కాన్చెర్టోలో ఎవరికి నచ్చుతుందోనన్న ఆలోచన లేకుండా వాయించాడు. రెండో సీడీ నాటికి అతని చెయ్యి ఇంకా మెత్తబడింది, ఆ తెగింపు ఒక పాలు తగ్గింది. నాకు మెత్తదనం కంటే తెగింపే ఇష్టం. మీకు ఇలా ఉండక్కర్లేదు.

మార్కులు వేయమంటే "ఇన్‌స్పిరేషన్"కి అయిదుకి మూడున్నర, అందులో మూడు షస్తకోవిచ్‌వే. "ఎల్గర్"కి నాలుగు. ఫిడేలు నేర్చుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లు రెండూ కొనుక్కోండి. విదేశాల్లో చుట్టాలుంటే తెప్పించుకోవడం తేలిక, ఇక్కడ కొట్లలో దొరకడం కష్టం. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే షస్తకోవిచ్‌తో మొదలుపెట్టకండి. మార్లీ పాటతో మొదలెట్టి, "సర్దానా" మీదుగా రండి. కడెంజా దగ్గర వాళ్లు లేచి ఆడుకోడానికి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, మీరు కూర్చుని వినండి.